సైట్ రీడింగ్ సాధన: తప్పులున్న రికార్డింగులనే పంచుకుందాం

మిర్యాలగూడ అభ్యాసి

అందరికీ నమస్కారం. నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో పెద్ద వయసులో పియానో మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి ఒకే ఇబ్బంది ఉందని ఇక్కడి పాత చర్చలు చదివితే తెలుస్తుంది. నేర్చుకున్న పాటలు శుభ్రంగా వాయిస్తాం. కొత్త పుట ఎదుట పెడితే మాత్రం ఒక్కో నోట్ దగ్గర ఆగి, గీతలు లెక్కపెట్టుకొని, చేతుల వైపు చూసి, ఆ తర్వాత పుటలో ఎక్కడ ఉన్నామో వెతుక్కుంటాం. మన ఊళ్లలో కీబోర్డు బాగా నేర్పేవారు ఉన్నారు. కానీ శిక్షణ ఎక్కువగా పాట విని పట్టుకోవడం మీద, స్వరాలు రాసుకొని వాయించడం మీద సాగుతుంది కాబట్టి, ఐదు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్‌ను అప్పటికప్పుడు చదివి వాయించే అలవాటును, అంటే సైట్ రీడింగ్‌ను, మనకు మనమే చేసుకోవలసి వస్తోంది.

అందుకే ఒక ప్రతిపాదన తెచ్చాను. వారానికి ఒక సులువైన పుటను అందరం ఎంచుకుందాం. ఎవరూ ముందుగా వాయించి చూడకుండా, తొలిసారి చదువుతూ వాయించినదాన్నే రికార్డు చేసి, కోతలూ అతుకులూ లేకుండా ఇక్కడ పెడదాం. తప్పులు ఉంటాయి, ఉండనిద్దాం. బాగా వచ్చిన రికార్డింగు మాత్రమే పెట్టాలనుకుంటే మనలో సగం మంది ఎప్పటికీ పెట్టరు, పెట్టినవారు కూడా ఇరవైసార్లు వాయించిన తర్వాతే పెడతారు. అప్పుడది సైట్ రీడింగ్ కాదు, కంఠస్థం. ఏ స్థాయి పుట తీసుకోవాలి, వాయించే ముందు ఎంతసేపు చూడవచ్చు, వినేవారు ఏం రాయాలి అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు దారి చూపాలని కోరుతున్నాను.

నల్గొండ టీచరమ్మ

మంచి ఆలోచన. నేను పిల్లలకూ పెద్దలకూ గ్రేడ్ పరీక్షలకు నేర్పుతాను కాబట్టి పరీక్ష లెక్కతోనే మొదలుపెడతాను. బ్రిటన్‌కు చెందిన ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షా సంస్థ ప్రాక్టికల్ గ్రేడ్‌లో మొత్తం 150 మార్కులకు సైట్ రీడింగ్‌కు 21 ఉంటాయి, పుటను చూసుకోవడానికి అర నిమిషం వరకు ఇస్తారు. ట్రినిటీ అనే మరో పరీక్షా సంస్థలో 100కు 10 మార్కులు. అక్కడ 5వ గ్రేడ్ దాకా సైట్ రీడింగ్ బదులు వేరే పరీక్షలు ఎంచుకోవచ్చు, 6 నుండి తప్పదు. ఆ వెసులుబాటు ఉండటం వల్లనే చాలామంది 5వ గ్రేడ్ వరకు చదవడాన్ని పక్కన పెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా ఇబ్బంది పడతారు. హైదరాబాదు దాకా వెళ్లి పరీక్ష రాసే మన ప్రాంతపు విద్యార్థులకు ఈ మాట ముందే చెప్పేవారు ఉండాలి.

ఆ అర నిమిషాన్ని ఎలా వాడుకుంటారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. మొదట కీ సిగ్నేచర్ (వరుస మొదట ఉండే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) చూసి, ఏ నల్ల మెట్లు వస్తాయో వేళ్లతో నిశ్శబ్దంగా తాకి చూడాలి. తర్వాత టైమ్ సిగ్నేచర్, అంటే ఒక్కో బార్‌లో (రెండు నిలువు గీతల నడుమ భాగంలో) ఎన్ని లెక్కలో చెప్పే అంకెలు. ఆ వెంటనే పుటలో అన్నిటికంటే వేగంగా వచ్చే నోట్లు ఏ బార్‌లో ఉన్నాయో వెతికి, ఆ బార్‌ను ఏ వేగంతో ఇబ్బంది లేకుండా వాయించగలమో ఆ వేగాన్నే పుట మొత్తానికి తీసుకోవాలి. మొదటి బార్‌లో మినిమ్‌లు (రెండు లెక్కల నోట్లు) ఉన్నాయని హాయిగా బయలుదేరి, నాలుగో బార్‌లో క్వేవర్‌లు (అర లెక్క నోట్లు) ఎదురు కాగానే వేగం తగ్గించేవారే ఎక్కువ. చివరగా, చేయి తన చోటు మార్చవలసిన స్థలం ఎక్కడుందో చూసుకోవాలి. ఇక ఒకసారి మొదలుపెట్టాక ఆగకూడదు. నోట్ తప్పితే తప్పనివ్వండి, కాలప్రమాణం మాత్రం చెదరకూడదు.

పుట స్థాయి మీరు ఇప్పుడు వాయిస్తున్న పాటల కంటే కనీసం రెండు గ్రేడ్లు తక్కువగా ఉండాలి. ఇది చిన్నతనంగా అనిపించవచ్చు కానీ, పుస్తకం చదవడం వచ్చిన పిల్లవాడు కూడా కూడబలుక్కుంటూ ఒక కఠినమైన పుట చదివిన దానికంటే, తేలికైన కథలు వరుసగా చదివినప్పుడే ధారాళంగా చదవడం నేర్చుకుంటాడు కదా.

పాలమూరు శ్రోత

టీచర్ గారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. సంగీతంలో తప్పును ఒకసారి పోనిస్తే అది వేళ్లలో కూర్చుంటుందని పెద్దలు చెబుతారు. నేను చిన్నప్పుడు పాట నేర్చుకున్న గురువు గారు ఒక్క స్వరం అపస్వరమైనా అక్కడే ఆపి, ఆ సంగతిని సరిగ్గా పలికేదాకా ముందుకు కదలనిచ్చేవారు కాదు. అలాంటిది మనం తప్పులతోనే వాయించి, వాటిని రికార్డు చేసి, పదిమందికీ వినిపించి, ఫరవాలేదని ఒకరికొకరు చెప్పుకుంటే, అలసత్వమే అలవాటు కాదా? రికార్డింగు అన్నది మనం చేయగలిగినంత బాగా చేసి నిలుపుకోవలసిన వస్తువు అని నా నమ్మకం. నెమ్మదిగా సాధన చేసి, శుభ్రపడ్డాక పెడితే వినేవారికీ ఆనందం, పెట్టినవారికీ తృప్తి.

వనపర్తి వీణ

నాది కొంచెం వేరే సమస్య. ఏళ్ల తరబడి వీణ వాయించి ఈ మధ్యనే పియానో వైపు వచ్చాను. నాకు స్వరం వినగానే పేరు తోస్తుంది, కానీ నా మనసులోని షడ్జమం శ్రుతిని బట్టి కదులుతుంది, స్టాఫ్ మీద గీతలు కదలవు. సి మేజర్‌లో రాసిన పుటలో ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాల స్టాఫ్‌లో) కింది నుండి రెండో గీత నాకు పంచమం. అదే గీత జి మేజర్ పుటలో షడ్జమం అవుతుంది, ఎఫ్ మేజర్‌లో రిషభం అవుతుంది. అందువల్ల కీ మారినప్పుడల్లా నేను చదివినదంతా మళ్లీ మొదటికి వస్తోంది. సరళీ వరుసలు మాయామాళవగౌళలో సాధన చేసిన చేతికి సి నుండి మొదలుపెడితే డి ఫ్లాట్, ఎ ఫ్లాట్ అనే నల్ల మెట్ల మీదికి వేలు తనంతట తానే వెళ్లడం ఇంకో చిక్కు.

దీనికి విరుగుడుగా నోట్ల కింద పెన్సిలుతో స రి గ మ రాసుకుంటున్నాను. రాసుకుంటే హాయిగా వాయించగలుగుతున్నాను, కానీ రాయని పుట వస్తే మళ్లీ కదలలేను. ఇది సరైన దారేనా? ఒక్క విషయంలో మాత్రం పాత సాధన నాకు చాలా ఉపయోగపడుతోంది. 4/4 పుటను రెండేసి బార్ల చొప్పున ఆది తాళపు ఎనిమిది అక్షరాలుగా లెక్కపెట్టుకుంటాను. అందువల్ల నోట్ తప్పినా తాళంలో ఎక్కడున్నానో నాకు తెలుస్తుంది, తర్వాతి సమం దగ్గర కలుసుకోగలుగుతున్నాను.

నల్గొండ టీచరమ్మ

ముందు వనపర్తి వారికి. తాళంలో తిరిగి కలుసుకోవడం సైట్ రీడింగ్‌లో అన్నిటికంటే విలువైన పని. మీకు అది ముందే వచ్చు కాబట్టి మీరు అనుకుంటున్నదానికంటే ముందున్నారు. మనసులో స్వరం పాడుకోవడాన్ని కూడా మానవద్దు, ఎందుకంటే మెట్టు నొక్కకముందే ధ్వనిని ఊహించగలగడం ఎందరో పియానో విద్యార్థులకు లేని వరం. కానీ పుట మీద రాయడం ఆపండి. రాసిన అక్షరం కనిపిస్తున్నంత కాలం కన్ను దాని మీదే నిలుస్తుంది, నోట్ల ఎత్తుపల్లాలు చూడదు. పేరు బదులు దూరాన్ని చదవండి. గీత మీది నుండి దాని పక్క ఖాళీకి వెళితే ఒక అడుగు, అంటే పక్క మెట్టు. గీత నుండి తర్వాతి గీతకు వెళితే నడుమ ఒక మెట్టు వదిలినట్టు. ఒక గీతను దాటి ఆ పై గీతకు వెళితే పంచమ దూరం, అంటే చిటికెన వేలి నుండి బొటన వేలికి. ఈ దూరాలు ఏ కీలోనైనా అవే. షడ్జమం ఎక్కడున్నా మీ వేళ్లు దారి తప్పవు.

ఇక పాలమూరు వారి అభ్యంతరం. గురువు గారు ఆపడం నూటికి నూరు పాళ్లు సరైనదే, ఎందుకంటే అక్కడ నేర్చుకుంటున్నది ఒక కృతి, దాన్ని జీవితాంతం పాడుకోవాలి. ఒక తప్పు అలవాటయ్యేది మళ్లీ మళ్లీ చేసినందువల్ల. సైట్ రీడింగ్ పుటను ఒకసారి, మరీ అయితే రెండుసార్లు వాయించి పక్కన పెట్టేస్తాం కాబట్టి ఆ తప్పుకు వేళ్లలో కూర్చునే వ్యవధే లేదు. మిగిలేది తప్పు కాదు, ఆగకుండా ముందుకు చూసే అలవాటు. బ్రిటిష్ మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా 1974లో ప్రచురించిన పరిశోధనలో వాయిస్తుండగా పుటను ఉన్నట్టుండి కనబడకుండా చేసి, ఆ తర్వాత ఎన్ని నోట్లు సరిగ్గా వాయించగలరో చూశారు. బాగా చదివేవారు ఏడు నోట్ల దాకా కొనసాగించగలిగారు, అంతగా చదవలేనివారు మూడు నాలుగు దగ్గర ఆగిపోయారు. తప్పు దగ్గర ఆగి వెనక్కి వెళ్లే అలవాటు ఉన్నవారి కన్ను ఎప్పుడూ వేలి దగ్గరే ఉంటుంది, ముందుకు వెళ్లడం నేర్చుకోదు.

ఇంకొక ఉదంతం నాకు చాలా ఇష్టం. పియానిస్టు బోరిస్ గోల్డోవ్‌స్కీ దగ్గర అంత బాగా చదవలేని ఒక విద్యార్థిని స్వరకర్త బ్రామ్స్ ఓపస్ 76లోని రెండో కాప్రిచ్చియో అనే రచన వాయిస్తూ ఒక చోట జి షార్ప్ (అర స్వరం హెచ్చిన జి) బదులు జి నాచురల్ (మామూలు జి) వాయించింది. సరిదిద్దుకోమని గురువు చెబితే, పుటలో ఉన్నదే వాయించానన్నది. చూస్తే అచ్చులోనే తప్పు ఉంది. అప్పటిదాకా ఎందరో నిపుణులు ఆ పుటను చదివి, అక్కడ రావలసిన స్వరసమూహం తెలుసు కాబట్టి, అచ్చు తప్పును గమనించకుండానే సరైన నోట్ వాయించుకుంటూ వెళ్లారు. 1976లో థామస్ వుల్ఫ్ తన వ్యాసంలో దీన్ని వివరించారు. నిపుణులు ఒక్కో నోట్‌ను చదవరు, అల్లికను చదువుతారు. ఆ అల్లిక కళ్లకు పట్టుబడాలంటే రకరకాల పుటలు చూడాలి, ఒకే పుటను అరగదీయకూడదు.

జడ్చర్ల రికార్డిస్టు

రికార్డింగు గురించి క్లుప్తంగా రాస్తాను. ఫోన్‌ను పియానో మీద పెట్టవద్దు, మెట్ల చప్పుడు, అదురు అన్నీ ఎక్కుతాయి. పక్కన స్టూలు వేసి, మడత పెట్టిన తువ్వాలు మీద ఫోన్ ఉంచండి. వాట్సాప్ వాయిస్ నోట్‌గా పంపితే పియానో ధ్వని పలచబడి, చివర్లో సాగే నోట్లు వినిపించవు. ఫోన్‌లోని రికార్డర్‌లో చేసి ఫైలుగా పంపండి. డిజిటల్ పియానో హెడ్‌ఫోన్ రంధ్రం నుండి తీగతో ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (ధ్వనిని నేరుగా రికార్డు చేయనిచ్చే పెట్టెకు) కలపగలిగినవారికి ఫ్యాను చప్పుడు, వీధిలో ఊరేగింపు డీజే చప్పుడు ఏవీ పడవు. ఎండాకాలంలో ఫ్యాను ఆపలేం కాబట్టి పుటలు ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టుకోండి. రికార్డు మీట నొక్కాక మెట్రోనోమ్‌ను (టిక్కులతో వేగం చెప్పే పరికరాన్ని) రెండు బార్లు వినిపించి, ఆ తర్వాత దాన్ని ఆపి వాయించడం నా సలహా. అప్పుడు మీరు అనుకున్న వేగం ఏమిటో, చివరికి ఎక్కడికి చేరారో వినేవారికి తెలుస్తుంది.

పాలమూరు అన్న గారికి ఒక మాట. ఏబీఆర్‌ఎస్‌ఎం 2020లో మొదలుపెట్టిన పెర్ఫార్మెన్స్ గ్రేడ్లకు వీడియో పంపాలి, అదీ ఎక్కడా కోత లేకుండా ఏకబిగిన తీసినదై ఉండాలి. ఎర్ర చుక్క వెలిగినప్పుడు చెయ్యి బిగుసుకోకుండా ఉండటం కూడా సాధన వల్లనే వస్తుంది, వారం వారం ఇలా పెడుతుంటే ఆ భయం తగ్గుతుంది.

మిర్యాలగూడ అభ్యాసి

అందరి మాటలూ విన్నాక మొదటి రికార్డింగు నేనే పెట్టాను. జి మేజర్, 3/4, ఎనిమిది బార్లు. కుడి చెయ్యి ట్రెబుల్ క్లెఫ్ నడుమ గీత మీది బి దగ్గర మొదలై కిందికి దిగుతుంది. ఎడమ చేతికి బార్‌కు ఒక చుక్క పెట్టిన మినిమ్ (మూడు లెక్కల నోట్) మాత్రమే. మెట్రోనోమ్ 54. టీచర్ గారు చెప్పినట్టు ముందు ఎఫ్ షార్ప్ తాకి చూసుకున్నాను. ఐదో బార్‌లో కాలప్రమాణం సాగిందని నాకే తెలుస్తోంది, ఆరో బార్‌లో ఏదో తేడా ఉందని కూడా తెలుస్తోంది, కారణం మాత్రం అందలేదు. దయచేసి విని చెప్పండి.

గద్వాల అభ్యాసి

పుట పక్కన పెట్టుకొని విన్నాను. మొదటి నాలుగు బార్ల లయ నిలకడగా, ప్రశాంతంగా ఉంది. ముఖ్యంగా మూడో బార్‌లో ఒక నోట్ తప్పినా మీరు వెనక్కి వెళ్లలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఐదో బార్‌లో ఎడమ చేతి నోట్ బేస్ క్లెఫ్‌లో (కింది స్వరాల స్టాఫ్‌లో) అడుగు గీత మీది జి నుండి నడుమ గీత మీది డికి వెళుతుంది. అక్కడ మీరు చెయ్యి ఎత్తి, మెట్లవైపు చూసి, డిని వెతికారని శబ్దాన్ని బట్టి అర్థమవుతోంది. కుడి చేతి నోట్ దాదాపు ఒక క్రాచెట్ (ఒక లెక్క) సేపు అదనంగా మోగింది. నిజానికి వెతకవలసిన పని లేదు. మీ చిటికెన వేలు జి మీద ఉంటే బొటన వేలు అప్పటికే డి మీద ఉంటుంది. టీచర్ గారు చెప్పిన పంచమ దూరం ఇదే, గీత నుండి ఒక గీత వదిలి తర్వాతి గీతకు.

ఆరో బార్‌లో మీరు ఎఫ్ నాచురల్ వాయించారు. ఎఫ్ షార్ప్ మీకు తెలియక కాదు, మొదట తాకి చూసుకున్నారు కదా. ఐదో బార్‌లో కళ్లు పుటను వదిలి మెట్ల మీదికి వెళ్లాయి, తిరిగి వచ్చేసరికి ఆరో బార్‌ను ముందుగా చూసే వ్యవధి లేకపోయింది. కాబట్టి ఇవి రెండు తప్పులు కావు, ఒక్కటే. చూడకుండా మెట్టును కనుక్కోవడానికి, కళ్లు మూసుకొని నల్ల మెట్ల జంటను, మూడింటి గుంపును వేళ్లతో తడిమి, జంటకు నడుమ డి అని, మూడింటికి ఎడమ పక్కన ఎఫ్ అని గుర్తుపట్టే అలవాటు చేసుకోండి.

పాలమూరు శ్రోత

గద్వాల వారి వ్యాఖ్య చదివాక నా అభిప్రాయం కొంత మారింది. శుభ్రం చేసిన రికార్డింగులో ఈ కారణం ఎవరికీ వినిపించేది కాదు, సాధనలో అది కనబడకుండా పోయేది. అయినా ఒక మాట మీద నిలబడతాను. వ్యాఖ్యలు ఇంత నిర్దిష్టంగా ఉంటేనే తప్పులున్న రికార్డింగు వినడంలో అర్థం ఉంటుంది. "బాగుంది, కొనసాగించండి" అని రాసి వదిలేసేటట్టయితే నా పాత అభ్యంతరం అలాగే ఉంటుంది. ప్రతి ఒక్కరూ మొదట లయ ఎక్కడ చెదిరిందో, తర్వాత దానికి ముందు బార్‌లో ఏం జరిగిందో రాయాలని నా సూచన. నోట్ల తప్పుల లెక్క ఆఖరున.

అలాగే అదే పుటను వారం తర్వాత శుభ్రంగా వాయించి, రెండో రికార్డింగు పక్కన పెడితే ఎదుగుదల కనిపిస్తుంది కదా?

నల్గొండ టీచరమ్మ

మొదటి సూచనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండో దానికి మాత్రం వద్దంటాను. అదే పుట వారం తర్వాత బాగా వస్తే జ్ఞాపకశక్తి పనిచేసిందని తెలుస్తుంది, చదవడం మెరుగుపడిందో లేదో తెలియదు. దాన్ని కొలవాలంటే అదే స్థాయిలో ఎప్పుడూ చూడని ఇంకో పుట కావాలి. పాటలు శుభ్రం చేసి పెట్టుకోవడానికి వేరే చర్చ తెరుద్దాం, దాని అవసరం దానికి ఉంది.

నాగర్‌కర్నూల్ గాయకబృందం

నేను చర్చిలో పాడుతూ, అప్పుడప్పుడు కీబోర్డు వాయిస్తాను. మన తెలుగు కీర్తనలను ఎక్కువగా చెవితో నేర్చుకొని హార్మోనియం, తబలాలతో పాడతాం కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది రాదు. కానీ నాలుగు గొంతుల కోసం అచ్చయిన పాశ్చాత్య స్తుతిగీతాల పుట చేతికి ఇస్తే నాలుగు నోట్లనూ ఒకేసారి చదవవలసి వస్తుంది. పై స్టాఫ్‌లో కాడ పైకి ఉన్నవి సొప్రానో, కిందికి ఉన్నవి ఆల్టో. కింది స్టాఫ్‌లో అలాగే టెనర్, బేస్. నాకు పనికొచ్చిన పద్ధతి ఏమిటంటే, మొదట సొప్రానో, బేస్ రెండింటినే ఆగకుండా చివరిదాకా చదవడం. పాట నిలబడటానికి ఆ రెండు చాలు. లోపలి గొంతులను వేరే పుటల మీద క్రమంగా చేర్చుకోవచ్చు. సైట్ రీడింగ్‌లో అన్నీ వాయించడం కంటే ఏది వదలవచ్చో తెలియడం పెద్ద నేర్పు అని నా అనుభవం.

సూర్యాపేట కొత్త సభ్యురాలు

నా దగ్గర 61 మెట్ల కీబోర్డే ఉంది. పాల్గొనవచ్చునా? పుటలు ఎక్కడ దొరుకుతాయి?

జడ్చర్ల రికార్డిస్టు

తప్పకుండా, అక్కా. పూర్తి పియానోకు 88 మెట్లు ఉన్నా, ఈ స్థాయి పుటలన్నీ 61 మెట్ల ఐదు స్థాయిల్లోనే ఇమిడిపోతాయి. మెట్టును గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే సౌకర్యం ఉంటే చాలు. ట్రాన్స్‌పోజ్ మీట సున్నా దగ్గర ఉందో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే మీరు సరిగ్గా చదివినా మాకు వేరే శ్రుతిలో వినిపిస్తుంది.

పుటల కోసం ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం 2006 నుండి ఉంది. మన దేశంలో స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది. 1945లో మరణించిన బేలా బార్టాక్ నేర్చుకునేవారి కోసం సులువు నుండి కఠినం వరకు వరుసగా కూర్చిన 'మైక్రోకాస్మోస్' అనే 153 చిన్న రచనలు అలా మనకు అందుబాటులో ఉన్నాయి. మొదటి సంపుటంలో రెండు చేతులూ ఒకే స్వరాన్ని వాయించే పుటలు చాలా ఉంటాయి, అక్కడ మొదలుపెట్టండి.

మిర్యాలగూడ అభ్యాసి

గద్వాల వారికి ప్రత్యేక ధన్యవాదాలు. మీరు చెప్పిన కారణం విన్నాక ఎడమ చేతి వేళ్లు ఎక్కడున్నాయో తెలుసుకొని కదలడం మొదలుపెట్టాను.

ఈ వారం పుట టీచర్ గారు ఎంచి పంపారు. ఎఫ్ మేజర్, 4/4, పన్నెండు బార్లు, బి ఫ్లాట్ ఎడమ చేతిలోనే ఎక్కువగా వస్తుంది. ఆదివారం రాత్రి వరకు ఎవరూ వాయించి చూడకండి, వేరొకరి రికార్డింగు కూడా మీది పెట్టాకే వినండి. పెట్టేటప్పుడు మెట్రోనోమ్ వేగం, ఎంతసేపు చూసి మొదలుపెట్టారో రాయండి. వ్యాఖ్యలు పాలమూరు వారు చెప్పిన వరుసలోనే ఉండాలి. మొదట లయ, దానికి ముందు బార్, నోట్లు ఆఖరున. వనపర్తి వారు నోట్ల కింద ఏమీ రాయకుండా చదివి పెడతానని మాట ఇచ్చారు, వారిది మొదట విందాం.